పట్టీలు కనపడని వీడియో

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. మా కెజియా క్షేమంగా ఉంది. ఈ సంగతి చివరిదాకా దాచిపెట్టి, చదివేవాళ్లను భయపెట్టడం నాకు ఇష్టం లేదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లోపలి నుంచి ఏం వార్త వస్తుందోనని ఒళ్లంతా చెవులు చేసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. కష్టం తీరాకే లేచి నిలబడాలి. మొదట బాధ చెబుతాం, తర్వాత ప్రార్థన, చివరికి విడుదల. అందరూ హల్లెలూయా అంటారు, కూర్చుంటాం. నేను అలాంటి సాక్ష్యాలు వింటూనే పెరిగాను. పెళ్లయి హసన్‌పర్తికి వచ్చాక సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ కొన్ని కష్టాలు తీరవు, కొంచెం కొంచెంగా మెత్తబడతాయి. అలాంటివాటికి సాక్ష్యం ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. ఇలాంటి బిడ్డలున్న తల్లుల కోసం, నా మనసును ఒక చోట నిలబెట్టుకోవడం కోసం కూడా, ఇది రాస్తున్నాను.

కెజియాకు ఏడేళ్లు. పుట్టగానే ఏడవలేదు. కాసేపు మెదడుకు ఊపిరి అందలేదన్నారు. సెరిబ్రల్ పాల్సీ అనే పేరు ఏడాది తర్వాత విన్నాం. మాటకు లోటు లేదు, మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది అదే. లోటంతా కాళ్లది. రెండూ బిగుసుకుపోయి ఉంటాయి. మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, మడమలు నేలకు ఆనవు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నాలుగు అడుగులు వేసి కూలబడేది.

పోయిన వానాకాలంలో డాక్టరు గారు మా ఆయన ప్రభాకర్‌ను, నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఇది పెరిగే జబ్బు కాదు, కానీ పిల్ల పెరుగుతుంది. ఎముక సాగినంత త్వరగా కండ సాగదు. ఇప్పుడు నడక అలవాటు చేయకపోతే, ఉన్న నాలుగు అడుగులు కూడా పోవచ్చు. ఆ "కూడా" అన్న మాట నాతోపాటే ఇంటికి వచ్చింది. అన్నం వండుతుంటే, బట్టలు ఆరేస్తుంటే వినపడేది.

అక్టోబరు

హనుమకొండలో పిల్లల ఫిజియోథెరపీ కేంద్రం ఒకటి ఉంది. జిమ్ముల్లో పెద్దవాళ్లు పరుగెత్తే ట్రెడ్‌మిల్ లాంటి మిషిన్ మీద అక్కడ పిల్లలకు నడక నేర్పుతారు. మిషిన్ మీద ఒక ఇనుప చట్రం ఉంటుంది. పిల్లకు జాకెట్ లాంటిది తొడిగి, దాని పట్టీలను పైన చట్రానికి తగిలిస్తారు. ఒంటి బరువు కొంత ఆ పట్టీలు మోస్తాయి, మిగిలింది కాళ్ల మీద పడుతుంది. కింద రబ్బరు పట్టా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంటే, థెరపిస్టు చిన్న స్టూలు మీద కూర్చుని పిల్ల పాదాన్ని పట్టుకుని ఎత్తి ముందుకు వేయిస్తారు. మడమ ముందు, వేళ్లు తర్వాత. మళ్లీ అదే, మళ్లీ అదే.

ఇలా రాస్తే చిన్న విషయంలా ఉంది. మొదటి రోజు నా బిడ్డను ఆ పట్టీలకు తగిలించినప్పుడు నేను చట్రం పట్టుకుని నిలబడ్డాను. గాలిలో వేలాడుతూ అరిచింది.

"మమ్మీ, దించు! నేల ఉరుకుతాంది మమ్మీ! దించుమను!"

"ఈడనే ఉన్న బిడ్డా, మమ్మీ ఈడనే ఉన్న."

"నువ్వు ఉంటె ఏం లాభం, నేల ఆగుతలేదు గద!"

థెరపిస్టు శిరీష మేడమ్ నాకంటే చిన్నది. తల ఎత్తకుండానే నవ్వింది. "చూసిండ్రా అక్కా, నోరు మంచిగ పనిచేస్తాంది. కాళ్లకు గూడ గంతే హుషారు దెద్దాం. జర బయట కూసోండ్రి. మీ మొఖం జూస్తే ఇంక ఏడుస్తది."

బయట కూర్చున్నాను. ఆ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడ పొడవునా చిన్న చిన్న బూట్లు. లోపల మిషిన్ మోత, మోత మీద మా పాప ఏడుపు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే మాటలు రాలేదు. సండే స్కూల్లో పిల్లలకు చెప్పిన ప్రార్థనలన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు.

పక్క కుర్చీలో ఉన్న ఆమె నా ఒళ్లో ఒక పొట్లం పెట్టింది. వేయించిన పల్లీలు, బెల్లం. ఆమె పేరు యాకమ్మ. పాలకుర్తి దగ్గరి నుంచి బస్సులో కూతురు అఖిలను ఎత్తుకుని వస్తుంది.

"తిను చెల్లె. మా అఖిల ఇంతకంటె పెద్దగ ఏడ్సింది. గీ మేడమ్ చెయ్యి గూడ కొరికింది."

నేను మెడలో సిలువ పట్టుకుని ఉండటం చూసి మళ్లీ అంది. "నీ దేవునికి నువ్వు మొక్కు, నా దేవునికి నేను మొక్కుత. ఎవలు ముందు వింటె వాళ్లు రెండో పిల్లను గూడ జూస్తరు. గంతే."

నాకు అప్పుడు నవ్వు వచ్చింది. పల్లీలు తిన్నాను.

డిసెంబరు

వారంలో మూడు రోజులు వెళ్లేవాళ్లం. కెజియా ఏడుపు తగ్గింది. అఖిలతో స్నేహం కుదిరింది. క్రిస్మస్ స్టార్లు కట్టే రోజులకు శిరీష మేడమ్ అప్పుడప్పుడు పాదం వదిలి చూసేది. చేయి తీసిన తర్వాత కూడా పాదం తనంతట తాను ముందుకు వచ్చేది. బరువు ఇంకా పట్టీల మీదే ఉంది. అయినా మడమ తగిలేది.

సరిగ్గా అప్పుడే నాకు జ్వరం వచ్చి కీళ్లు పట్టేశాయి. ప్రభాకర్ వెల్డింగ్ షాపు వదిలి రాలేని రోజున, మా అత్తమ్మ సరోజనమ్మ కెజియాను ఆటోలో తీసుకెళ్లింది. అత్తమ్మ ప్రార్థనాపరురాలు. పిల్ల పుట్టినప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉపవాసం. మనుమరాలు నడిస్తే, చర్చి గుమ్మం దగ్గరి నుంచి ముందు దాకా పిల్లను నడిపించుకుంటూ వెళ్లి కృతజ్ఞతార్పణ ఇస్తానని మొక్కుకుంది.

ఆమె అక్కడ మేడమ్ పక్కన ఇంకో చిన్న స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో వీడియో తీసింది. కింద కూర్చుని తీసినందువల్ల అందులో కెజియా నడుము కింది భాగమే వచ్చింది. గులాబీ రంగు బూట్లు, రెండు కాళ్లు, ఒకదాని వెంట ఒకటి. మేడమ్ చేతులు ఆ కాసేపు పక్కన ఉన్నాయి. ఆ వీడియోలో అబద్ధం ఏమీ లేదు. అవి మా పాప కాళ్లే, నడుస్తున్న కాళ్లే. నడుము పైన ఏముందో మాత్రం అందులో లేదు.

ఆటోలోనే దాన్ని స్త్రీల సమాజం గ్రూపులో పెట్టింది. "నా మనుమరాలిని ప్రభువు నడిపించిండు." నేను జ్వరంలో పడుకుని ఉండగా ఫోన్ మోగుతూనే ఉంది. ఏడుస్తూ స్తోత్రాలు, పాటలు, వాయిస్ మెసేజ్‌లు. రఘునాథపల్లిలో ఉన్న మా పిన్ని ఫోన్ చేసి, "నీ కన్నీళ్లు దేవుడు జూసిండే దీవెనా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెకు అసలు విషయం చెప్పడానికి నాలుగుసార్లు నోరు తెరిచాను. ఆమె ఏడుపు ఆగితేగా.

ఆ ఆదివారం పాస్టర్ అయ్యగారు పుల్పిట్ మీది నుంచి ప్రకటించారు. ఫిబ్రవరిలో, ఈస్టరు ఉపవాసాల శ్రమదినాలు మొదలయ్యే ముందు ఆదివారం కృతజ్ఞత కూడిక, సంఘమంతటికీ భోజనాలు. మన కెజియా గుమ్మం దగ్గరి నుంచి నడిచి వస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఒళ్లో కూర్చున్న కెజియా కూడా కొట్టింది. తర్వాత నా వైపు తిరిగి చూసింది.

జనవరి

"అత్తమ్మా, అది నడుస్తలేదు. పట్టీలు పట్టుకుంటే అడుగులేస్తాంది. రెండూ ఒకటి కావు" అన్నాను.

"నువ్వు పట్టీలను జూస్తానవు. నేను దేవుణ్ణి జూస్తాన్న."

"కూడిక ముచ్చట తర్వాత చూద్దాం. ముందుగాల థెరపీకి పోనియ్యి."

"సాక్ష్యం చెప్పినంక మల్ల తీస్కపోయి పట్టీలకు కట్టిస్తవా? ఇచ్చిన దేవుని చేతిలకెల్లి మల్ల గుంజుకున్నట్టు గాదా అది? మందిల ఏమనుకుంటరు?"

ప్రభాకర్ వైపు చూశాను. ఆయన తల దించుకుని చేతి మీది కాలిన మచ్చ గోక్కుంటున్నాడు. "అమ్మ ఉపవాసం మీద ఉన్నది. నేనెట్ల కాదంట? కూడిక దాక ఆగుదాం. నెలే గదా."

థెరపీ ఆగిపోయింది.

ఆ రోజుల్లో నన్ను పట్టుకున్న భయం ఒకటి కాదు. ఉదయం స్నానం చేయించేటప్పుడు కెజియా తొడలు విడదీస్తే చేతికి బిగువు తెలిసేది. నిన్నటికంటే ఎక్కువా, నాకే అలా అనిపిస్తోందా? అది ఒక భయం. కూడిక నాడు అందరి ముందూ బోర్లా పడుతుందేమోనని ఇంకొకటి. వీటికంటే పెద్దది, ఎవరికీ చెప్పుకోలేనిది మరొకటి ఉంది. నీళ్ల మీద నడుస్తూ, గాలిని చూసి భయపడి మునిగిపోబోయిన యేసు శిష్యుడి కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఇప్పుడు గాలిని చూస్తున్నది నేనేనా? నా బిడ్డ పడిపోతే అది నా అవిశ్వాసం వల్లనే పడుతుందా? మోకరించినా ఆ ప్రశ్నే, లేచినా ఆ ప్రశ్నే.

అత్తమ్మ రోజూ సాయంత్రం హాల్లో నడిపించేది. గోడ పట్టుకున్నంతసేపూ పర్వాలేదు. "యేసయ్య ఉన్నడు, చెయ్యి ఇడువు బిడ్డా" అనేది. కెజియా వదిలేది. పడేది. అత్తమ్మ పరుగున వెళ్లి ఎత్తుకుని, ముద్దులు పెట్టి, ఏడ్చి, మళ్లీ నిలబెట్టేది. ఆమెకు ప్రేమ లేక కాదు. ఆ ప్రేమను చూసే నాకు గట్టిగా మాట్లాడటం చేతకాలేదు.

యాకమ్మ ఫోన్ చేసింది. "ఏమైంది చెల్లె, వస్తలెవ్వు? పిల్లకు బాగనే ఉన్నదా?"

చెప్పాను.

"మీ చర్చి ముచ్చట నాకు తెల్వది. తప్పని గూడ అనను. గని, కెజియా లేకపోతె మిషిన్ ఎక్కనని మా అఖిల మూతి ముడ్సుకొని కూసుంటాంది. మేడమ్ గూడ రోజు అడుగుతాంది. దా చెల్లె. మా కోసమన్న దా."

ఫిబ్రవరి

కూడికకు ఇంకా వారం ఉండగా కెజియా గడప దగ్గర పడి గడ్డం పగిలింది. కుట్లు వేయించుకుని వచ్చాం. దూదితో తుడుస్తుంటే ఏడవలేదు. ఎప్పుడూ వాగే పిల్ల రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

"నొప్పి లేస్తాందా బిడ్డా?"

తల అడ్డంగా ఊపింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "మమ్మీ, చర్చిల నేను పడితె యేసయ్యకు షేమ్ అయితదా?"

దూది చేతిలోనే ఉండిపోయింది. ఏడేళ్ల పిల్ల తన రెండు బలహీనమైన కాళ్ల మీద దేవుని పరువు మోస్తోంది. దానికి ఆ బరువు తగ్గించే పట్టీ ఏదీ మేము కట్టలేదు.

"కాదు. ఎన్నటికి గాదు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నా భయానికి ఒక దిక్కు దొరికింది. అప్పటిదాకా దేవునికి భయపడుతున్నానో, మనుషులకు భయపడుతున్నానో తెలియలేదు.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక, అందరూ వెళ్లేదాకా ఆగి అయ్యగారి దగ్గరికి వెళ్లాను. అత్తమ్మ నా వెనకాలే వచ్చింది. నా ఫోన్‌లో అంతకుముందు తీసిన ఫొటో ఉంది. చట్రం, పట్టీలు, జాకెట్‌లో కెజియా, అంతా కనపడేది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"పైన గిదేందమ్మా?"

"పట్టీలు అయ్యగారు. పిల్ల బరువు ఇవే మోస్తాయి. ఇవి లేకుండా నిలబడదు."

"నేను జూసిన వీడియోల ఇవి లేవు."

"కింద కూసొని తీసిన గద, కాళ్లే వచ్చినయ్" అంది అత్తమ్మ. తర్వాత గొంతు పెంచింది. "అయితె ఏందయ్యగారు? విశ్వాసం ముందల పట్టీలెంత?"

నేను అడిగాను. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు స్నేహితులు ఇంటి కప్పు విప్పి లోపల ఉన్న యేసు ముందు దించారు కదా. దాన్ని పిల్లలకు చెప్పడానికి నేను అట్టపెట్టెతో ఇల్లు చేసి, అగ్గిపెట్టెకు నాలుగు మూలలా దారాలు కట్టి దించుతాను. "ఆ తాళ్లు పట్టుకున్నోళ్లను చూసి, మీకు నమ్మకం లేదని ప్రభువు అన్నడా అయ్యగారు? వాళ్ల విశ్వాసాన్నే గద మెచ్చుకున్నడు?"

అత్తమ్మ వెంటనే అందుకుంది. "మంచంల పండుకొనే లేచిండా మరి? తాళ్లు ఒదిలినంకనే గద లేచిండు?"

అయ్యగారు ఫోన్ నా చేతికి ఇచ్చారు.

"ఒదిలిండ్రు సరోజనమ్మా. కింద అందినంక ఒదిలిండ్రు. నడిమిట్ల ఒదిలితె ఏమయితుండె?" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నేను గూడ తొందరపడ్డ. వీడియో జూసిన, పిల్లను అడగలె. ఆదివారం నేనే చెప్త, పిల్ల నడవదని."

అత్తమ్మ ముఖం నల్లబడింది. "చెప్పింది నేను. చెప్పేది ఉంటె నేనే చెప్త."

ఏం చెబుతుందో చెప్పలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

కూడిక రోజు చర్చి నిండిపోయింది. బయట షామియానా కింద వంట వాసన. కెజియాను మధ్యలో కూర్చోబెట్టుకున్నాను, ఆ పక్కన ప్రభాకర్. అత్తమ్మ తెల్లచీర కట్టుకుని, మోకాళ్ల నొప్పితో ఊగుతూ ముందుకు నడిచింది. మైకు పట్టుకుంది. మామూలుగా పెద్ద గొంతు ఆమెది, మైకు అక్కర్లేదు.

"కెజియా, ఏడున్నవు బిడ్డా?"

కెజియా బెంచీ మీది నుంచి జారి ముందు బెంచీ పట్టుకుంది. దాని గౌను నా పిడికిట్లో ఉంది. ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. వాళ్ల అమ్మ వైపు చూస్తూ, అందరి ముందూ, చేయి అడ్డం పెట్టాడు.

అత్తమ్మ ఆ చేతిని చూసింది.

"కూసో బిడ్డా. నువ్వు రాకు." ఊపిరి తీసుకుంది. "ప్రభువు నందు ప్రియులారా, నా మనుమరాలు నడుస్తలేదు. నేర్చుకుంటాంది. పట్టీలు గట్టి నేర్పుతాండ్రు. నేను తొందరపడి నడిచిందని చెప్పిన. అది నడిచేదాక మీరు ప్రార్థన బందు వెట్టకుండ్రి."

సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మా సంఘంలో ఎవరూ చూడలేదు. దానికి హల్లెలూయా అనాలో వద్దో తెలియలేదు. అప్పుడు వెనక బెంచీల నుంచి ఒక ముసలామె లేచింది.

"మరి బువ్వ వండిచ్చినవా ఒదినా, అది గూడ లేదా?"

"వండిచ్చిన. అందరు తినే పోవాలె."

"ఇంకేంది మరి, స్తోత్రం!"

చర్చి అంతా నవ్వింది. అత్తమ్మ నవ్వుతూనే ఏడ్చింది.

మార్చి నుంచి

ఇక్కడితో అంతా చక్కబడిందని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. తిరిగి వెళ్లిన రోజున శిరీష మేడమ్ కెజియా తుంటి, మోకాళ్లు ఒకటికి రెండుసార్లు కదిపి చూసింది. ఆమె నవ్వకపోవడం అదే మొదటిసారి. "కొంచెం వెనుకకు పోయిందక్కా. మల్ల జేద్దాం. ఎంత తిరిగొస్తదో ఇప్పుడే చెప్పలేను." పట్టీలు మళ్లీ మొదట్లో ఉన్నంత బిగువుగా కట్టింది. ఎండలు ముదిరే దాకా వాటిని వదులు చేసే మాట ఎత్తలేదు. ముందు ముందు ఆపరేషన్ అవసరం పడవచ్చని డాక్టరు గారు కూడా అన్నారు. ఆ భయం ఇంకా మా ఇంట్లోనే ఉంది.

ఇది చదువుతున్న తల్లీ, నీ బిడ్డను మొదటిసారి అలా వేలాడదీస్తే భయపడు, తప్పు లేదు. కానీ భయాన్ని అవిశ్వాసమని నీకు నువ్వు శిక్ష వేసుకోకు. ఎవరు ఎంత ప్రేమతో ఆపమన్నా, డాక్టరును అడగకుండా ఆపకు. నేను దేవుణ్ణి నమ్ముతాను. ఆయన తొందరపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

మొన్న మంగళవారం అత్తమ్మ కూడా మాతో వచ్చింది. లోపలికి వెళ్లే ముందు శిరీష మేడమ్ నా చెవిలో చెప్పింది. "ఇయ్యాల కాసేపు పట్టీల మీది బరువు తీసేస్త. కెజియాకు చెప్పకుండ్రి, తెలిస్తే బిగుసుకుంటది. మీ మొఖంల గూడ ఏం కనపడొద్దు." ఈసారి నన్ను బయటికి పొమ్మనలేదు.

పట్టా కదిలింది. కెజియా పక్క మిషిన్ మీది అఖిలతో పోట్లాడుతోంది. "నీ సాక్సులు నీలం గాదు, పచ్చయి. నీకు రంగులు రావు." మేడమ్ మాటల్లో మాటగా చేయి పైకి చాపి బకిల్ వదులు చేసింది. తీగలా బిగిసి ఉన్న పట్టీ జారి, మెత్తబడి, ఊగింది. పిల్ల పడితే ఆ పట్టీ పట్టుకుంటుందని తెలుసు. అయినా ఆ క్షణాన నా బిడ్డను పైనుంచి ఏదీ మోయడం లేదు. మడమ, వేళ్లు. మడమ, వేళ్లు. ఒకసారి మోకాళ్లు ఒరుసుకున్నాయి. పిల్ల తడబడి, సర్దుకుని, మళ్లీ సాక్సుల దగ్గరికే వెళ్లింది.

అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె చేయి చల్లగా ఉంది.

"దీవెనా, పైన పట్టీ ఒదులయింది."

"ఎర్కే అత్తమ్మా."

"ఊకో. సప్పుడు జెయ్యకు."

మా ఇద్దరికీ ప్రార్థన అంటే కళ్లు మూసుకోవడమే అలవాటు. ఆ పట్టా ఆగేదాకా ఇద్దరం కళ్లు మూయలేదు.